మగ్గం వాపు

నా మందులంగడికి కొత్తగా వచ్చేవాళ్లు రెండు సంగతులు అడుగుతారు. గల్లాపెట్టె పక్కన ఆ కుంటి స్టూలు ఎందుకని ఒకటి. దేవుడి పటం కింద ఖాళీ మాత్రల అట్ట ఎందుకు అంటించావని ఇంకొకటి. మొన్న ఒక మందుల కంపెనీ మనిషి వచ్చి, అంగడిని కాస్త చూడచక్కగా పెట్టుకోమని సలహా ఇస్తూ స్టూలును కాలితో పక్కకు నెట్టాడు. ఈ నెల నీ సరుకేమీ వద్దని చెప్పి పంపించేశాను. నాకు కోపం తొందరగా వస్తుందని ధర్మవరంలో మా వీధి వీధంతా తెలుసు. అందులో సగం ఆమె దగ్గర నేర్చుకున్నదని మాత్రం ఎవరికీ తెలియదు.

ఆమె పేరు రాయను. కూతురు ఒప్పుకున్నా ఆమె ఒప్పుకోదు. పేషెంటు అనే మాటనే ఒంటి మీద వాలనివ్వని మనిషి, జబ్బు కథలో తన పేరు కనిపిస్తే ఊరుకుంటుందా?

పొట్టి మనిషి, గొంతు మాత్రం పెద్దది. మాట్లాడుతున్నంతసేపూ కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ ఒకదానితో ఒకటి రాసుకుంటూ ఉండేవి, మధ్యలో పట్టుపోగు ఉన్నట్టు. ఎదురుగా ఎవరి చీర కొంగు కనిపించినా ఆ రెండు వేళ్లతో పట్టుకుని చూసి, మరమగ్గం సరుకైతే ముఖం మీదే చెప్పేసేది. భర్త పోయాక ముందు గదిలోని మగ్గాన్ని ఒంటరిగా నడుపుకుంటూ వచ్చింది. నేను ఆమెను అక్కా అనేవాణ్ణి. ఆమె నన్ను అబ్బీ అనేది. కోపం వస్తే "ఏమయ్యా డాక్టరూ" అనేది. నేను డాక్టరును కానని ఇద్దరికీ తెలుసు కాబట్టి ఆ పిలుపు బాగా తగిలేది.

మా వైపు చేతిమగ్గాన్ని గుంతలో బిగిస్తారు. నేసేవాళ్లు గుంత అంచున కూర్చుని, కాళ్లు లోపలికి వేలాడేసి, కింది చెక్కలు తొక్కుతూ నేస్తారు. పొద్దున కూర్చుంటే సాయంత్రానికి పాదాలు కాస్త వాస్తాయి, పడుకుంటే తెల్లారేసరికి వాపు దిగిపోతుంది. దీనికి మా వీధిలో పెట్టుకున్న పేరు మగ్గం వాపు. మా నాయనకు ఉండేది, మా అమ్మకు ఉండేది. జలుబుకైనా ఆసుపత్రికి పోతారేమో కానీ మగ్గం వాపుకు ఎవరూ పోరు. అది జబ్బు కాదు, పని చేసినందుకు గుర్తు.

ఆమె మొదటిసారి వచ్చి కాళ్లు బరువుగా ఉన్నాయి, మగ్గం వాపే, ఏదైనా మాత్ర ఇమ్మంది. నేను తలెత్తకుండానే నొప్పి మాత్రలు ఇచ్చాను. కొన్నాళ్లకు మళ్లీ వచ్చి, పడుకుంటే పొడిదగ్గు వస్తోంది, లేచి కూర్చుంటే తగ్గుతోంది అంది. దగ్గు మందు సీసా చేతిలో పెట్టాను. ఇంకోసారి, కూరగాయల సంతకు పోయి వచ్చేలోపు మూడుచోట్ల నిలబడాల్సి వస్తోందంది. వయసు అక్కా అన్నాను, తోడుగా బలానికి మాత్రలిచ్చాను. నొప్పి మాత్రలు మాత్రం ఆగకుండా పోతూనే ఉన్నాయి. ఒకే మనిషి మూడుసార్లు వచ్చి ఒకే జబ్బును మూడు ముక్కలుగా చెప్పింది. నేత ఇంట్లో పుట్టి, మందుల చదువు చదువుకుని, నేను మూడు ముక్కలకూ మూడు మందులిచ్చి పంపాను. ఇది తల్చుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆ జబ్బును పట్టుకున్నది ఆమే. హిందూపురంలో ఉన్న కూతురికి రెండో కాన్పు అయితే, బాలింతను చూసుకోవడానికి పోయి పదిహేను రోజులు ఉంది. అక్కడ మగ్గం లేదు, గుంత లేదు. ఒక పొద్దున మంచం మీద నుంచి కాళ్లు దించి చూసుకుంటే పాదాలు ముందుకంటే ఎక్కువ వాచి ఉన్నాయి. అల్లుడు రైలు ప్రయాణం వల్ల అన్నాడట. అత్త అల్లుడితో వాదించకూడదనే మర్యాద ఆమెకు ఎప్పుడూ లేదు.

"మగ్గం ధర్మవరంలోనే ఉండాది గదప్పా. వాపు నాతో బాటు హిందూపురానికి ఎట్ల వచ్చె?" అని అడిగిందట.

ఇంత చిన్న ప్రశ్న నాకు మూడు నెలల్లో తట్టలేదు. ఆమే చెప్పులేసుకుని ఆసుపత్రికి బయల్దేరింది, అల్లుడు వెనకాల పరుగెత్తాడు.

అక్కడి డాక్టరు ముందు మెడ పక్కన నరం చూశాడట. వీపు మీద గొట్టం పెట్టి ఊపిరి విన్నాడట. మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో నొక్కి పట్టుకుని, వదిలి, పడిన సొట్ట ఎంతసేపటికి పూడుతుందో చూశాడట. తర్వాత, రాత్రి ఎన్ని దిండ్లు పెట్టుకుని పడుకుంటావమ్మా అని అడిగాడట. కాళ్లు వాచాయని వస్తే దిండ్ల సంగతి అడుగుతాడేమిటా అని ఆమె విస్తుపోయింది. మూడు, అదీ చాలక గోడకు ఆనుకుంటానని చెప్పింది. ఆ మాట విన్నాక అతను ఇంకేమీ అడగకుండా పరీక్షలు రాశాడు. ఈసీజీ తీశారు, ఎక్స్‌రేలో గుండె పెద్దదై ఊపిరితిత్తుల్లో నీరు చేరినట్టు కనిపించింది, నెత్తురు పరీక్షా అదే చెప్పింది. ఆఖరున చల్లటి జిగురు రాసి గుండెకు స్కానింగు తీశారు. ఎకో అంటారు దాన్ని.

తన గుండెను తెరమీద చూసుకున్న సంగతి ఆమె నాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. "నా గుండెకాయ టీవీలో కనపడె అబ్బీ. పాపం, తొక్కుతానే ఉండాది. పూరా కిందికంటా తొక్కల్యాక సగం సగం తొక్కుతాండాది" అనేది. డాక్టరు కూడా అంతకంటే బాగా చెప్పి ఉండడు. గుండెలో నిండిన నెత్తురులో సగానికి పైగా ప్రతి దెబ్బకూ బయటికి నెట్టాలి. ఆమెది నూటికి ముప్పై మాత్రమే నెడుతోంది. ఏళ్ల తరబడి ఎవరూ చూడని రక్తపోటు దాన్ని అలా అలసిపోయేలా చేసి ఉంటుందని అన్నారు. రక్తనాళాల్లో అడ్డులేమైనా ఉన్నాయా అని కూడా చూశారు, లేవు. నెట్టే బలం తగ్గినప్పుడు ఒళ్లు ఉప్పునూ నీళ్లనూ పట్టి ఉంచుకుంటుంది. ఆ నీళ్లే పగలు కాళ్లలోకి దిగుతాయి, పడుకుంటే ఊపిరితిత్తుల్లోకి చేరతాయి. దగ్గు, ఆయాసం, వాపు అన్నీ దాని పిల్లలే.

అల్లుడు పాపం హార్ట్ ఫెయిల్యూర్ అనే మాట ఒక్కటే విన్నాడు. గుండె ఆగిపోయిందనే అర్థం చేసుకుని పెనుకొండలో ఉన్న ఆమె పుట్టింటివాళ్లకు ఫోన్ చేశాడు. సాయంత్రానికి అన్నదమ్ములు, వదినెలు, ఎవరో దూరపు చుట్టాలు కూడా అరటిపండ్లతో దిగారు. వదినె అయితే వార్డు గుమ్మం దగ్గరే ఏడుపు ఎత్తుకుందట. ఆమె మంచం మీద కూర్చుని ఇడ్లీ తింటోంది.

"ఇంకా ఆగల్యా. ఆగినప్పుడు నేనే చెప్పి పంపిస్తా, అప్పుడు రాండి" అని వాళ్లను పంపించింది. అరటిపండ్లు మాత్రం ఉంచుకుంది.

అంతకుముందు ఏం మందులు వాడావని డాక్టరు అడిగినప్పుడు నడుముకు దోపుకున్న సంచిలోంచి నేనిచ్చిన నొప్పి మాత్రల అట్ట తీసి చూపించింది. ఇవి ఒంట్లో ఉప్పునూ నీళ్లనూ ఇంకా పట్టి ఉంచుతాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి, గుండె బలహీనంగా ఉన్నవాళ్లు ముట్టుకోకూడదు అన్నాడట. ఎవరిచ్చారు అని కూడా అడిగాడట. దానికి ఆమె ఏం చెప్పిందో నాకు ఆరేళ్ల దాకా తెలియలేదు.

ధర్మవరం తిరిగొచ్చిన రోజే నా అంగడికి వచ్చింది. గుండె జబ్బని వీధిలో అప్పటికే విన్నాను, నేనిచ్చిన నొప్పి మాత్రల మీద గొడవ చేస్తుందనుకున్నాను. అంగడి నిండా జనం ఉన్నారు. ఆమె మెట్టు మీద కూర్చుని అందరూ పోయేదాకా ఆగింది. తర్వాత లోపలికొచ్చి, నేను పైఅరలు అందుకోవడానికి వాడే స్టూలును లాక్కుని దాని మీద కాలు పెట్టింది.

"నొక్కు" అంది.

నేను నొక్కాను. వేలు తీస్తే సొట్ట అలాగే ఉంది. ఇద్దరం దాన్నే చూస్తూ ఉన్నాం.

"మూన్నెల్లు ఈ కాలు నీ అంగడి ముందర నిలబడె. ఒక్క దినమన్నా వంగి చూసినావా?"

 ఆమె నొప్పి మాత్రల ఖాళీ అట్టను గల్లాపెట్టె మీద పెట్టింది. దాచిపెట్టుకో, పారేశావంటే నాకు తెలుస్తుంది అంది. తర్వాత కొత్త మందుల చీటీ తీసి ఇచ్చి, ఏది ఎందుకో చెప్పమని నిలబడింది. నీళ్లను మూత్రంలో బయటికి పంపేది ఒకటి. గుండె వేగాన్ని తగ్గించి దానికి ఊపిరి పీల్చుకునే తీరిక ఇచ్చేది ఒకటి, దాన్ని చిన్న మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. రక్తనాళాలను వదులు చేసి గుండె మోత తగ్గించేది ఇంకొకటి. నా జీవితంలో అంత జాగ్రత్తగా ఎవరికీ మందులు అప్పజెప్పలేదు.

అసలు పోరాటం అక్కడి నుంచి మొదలైంది. మగ్గం అమ్మేసి హిందూపురం వచ్చెయ్యమని కూతురు పట్టుబట్టింది. పెనుకొండ అన్నదమ్ములు కొనేవాణ్ణి కూడా వెతికిపెట్టారు. మగ్గం వల్లే ఇదంతా వచ్చిందని వీధిలో ఒకటే మాట. ఆమెకు చావంటే ఉన్న భయం కంటే, మనవడిని ఆడిస్తూ గుమ్మంలో కూర్చున్న రోగిష్టి ముసలమ్మ అయిపోవడమంటే ఎక్కువ భయం. రెండోసారి డాక్టరు దగ్గరికి పోయినప్పుడు, ఏమేం చేయకూడదో అతను చెప్పబోతే ఆపేసింది.

"ఏమేం చేస్తే నన్ను మగ్గం మీద కూచోనిస్తావో అది చెప్పప్పా. అదే చేస్తా."

మందులు ఒక్క పూట తప్పకూడదు, ఉప్పు బాగా తగ్గించాలి, నీళ్లు కొలిచి తాగాలి, రోజూ పొద్దున బరువు చూసుకోవాలి, మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే వెంటనే రావాలి అని చెప్పాడు. ఇవన్నీ చేస్తే, కొన్ని వారాలయ్యాక అరగంటతో మొదలుపెట్టు, ఆయాసం వస్తే లేచిపో అన్నాడు. ఆమె దాన్ని పందెంలా తీసుకుంది. మొండితనమంటే మాత్రలు విసిరికొట్టడమని మా వీధిలో చాలామంది మగవాళ్లు అనుకుంటారు. ఆమె మొండితనం మాత్రలు మింగడంలో ఉండేది. నీళ్ల మాత్ర తెల్లవారుజామునే వేసుకుని, బాత్‌రూము తిరుగుళ్లన్నీ అయ్యాకే గుంతలో కాళ్లు పెట్టేది. పెళ్లిళ్లకు పోతే తన అన్నం డబ్బా తను తీసుకుపోయి, వడ్డించేవాళ్ల ఎదుటే మూత తీసేది. ఊరగాయ లేకుండా రాగిసంగటి ఎట్లా దిగుతుందని ఎవరైనా అడిగితే, వెల్లుల్లీ ఎండుమిరపకాయా నిమ్మరసం పేర్లు చెప్పి, "నాలుకకి నేను చెప్తా, అది నాకు చెప్పదు" అనేది.

రోజూ పొద్దున నేను షట్టరు ఎత్తేసరికి ఆమె మెట్టు మీద ఉండేది. నా బరువు మిషన్ ఎక్కి, అంకె చూసి, షట్టరు పక్క గోడ మీద సుద్దతో రాసేది. అప్పటిదాకా నేను అగరొత్తి కూడా వెలిగించకూడదు. ఒకసారి అంకె రెండు కిలోలు పెరిగింది. మిషన్ పాడైందని నా మీద పడింది. నన్ను ఎక్కించింది. నమ్మక, పక్క అంగడి నుంచి ఇరవై ఐదు కిలోల బియ్యం మూట తెప్పించి పెట్టింది. సరిగ్గా ఇరవై ఐదు చూపించింది. అప్పుడు మెల్లగా మెట్టు మీద కూర్చుని ఆలోచించింది.

పెళ్లి చీర ఒకటి ముగించే హడావుడిలో ఉందని, మూడు రోజులుగా పక్కింటావిడ కూరా చారూ చేసి పంపిస్తోంది. ఆమెను పిలిపించి అడిగితే మొదట లేదంది, తర్వాత ఏడ్చేసింది. ఉప్పులేని కూడు తింటోందే ఈ ఒంటి మనిషి అని జాలిపడి, ఎవరికీ చెప్పకుండా రోజూ కాస్త కాస్త ఉప్పు వేసిందట. మా వీధిలో ప్రేమ అంటే అదే, తెలియకుండా కంచంలో పడుతుంది.

"నీ జాలి రెండు కిలోలు తూగిందమ్మే నా ఒంటి మీద" అంది ఆమె. తిట్టలేదు. మూడు దినాలుగా చారు అంత రుచిగా ఉంటే తనకే అనుమానం రావాల్సిందని తననే కాసేపు తిట్టుకుంది. ఆ రోజే రైలెక్కి హిందూపురం పోయింది. డాక్టరు నీళ్ల మాత్ర కొన్నాళ్లు పెంచాడు. వారం తిరక్కుండా సుద్ద అంకె మళ్లీ పాతచోటికి దిగింది, ఆమె గుంతలోకి దిగింది.

ఏడాదికి మళ్లీ ఎకో తీస్తే ముప్పై కాస్తా నలభై దాటింది. ఆ రోజు ఆమె నేరుగా ఇంటికి రాలేదు. తిరుగు రైల్లో పెనుకొండలో దిగి కొండ దారి పట్టింది. చిన్నప్పుడు కట్టెలు మోసుకుంటూ దిగిన కొండ అది. పది అడుగులకోసారి నిలబడుతూ, కూర్చుంటూ, కోట మొదటి గుమ్మం దాకా ఎక్కి దిగి వచ్చింది. ఇంకా పైకి పోలేదా అంటే, అంతకంటే పైన తనకేం పని అంది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె వేళ్లు ఆ కనిపించని పోగును ఆడిస్తూనే ఉన్నాయి.

ఆ తర్వాతే వీధిలో కాళ్లు నొక్కడం మొదలుపెట్టింది. ఎవరి ఇంటికి పోయినా మాట్లాడుతూ మాట్లాడుతూ వంగి మోకాలి కింద బొటనవేలు పెట్టేది. లేస్తూనే చూసుకో, మగ్గం ఎక్కకముందు చూసుకో, అప్పుడు కూడా వాపు ఉంటే అది మగ్గానిది కాదు అని చెప్పేది. నా అంగడిలో ఎవరైనా కాళ్లకు నొప్పి మాత్రలడిగితే, ఆమె మెట్టు మీద కూర్చుని నా వైపు చూసేది, అంతే. నేను స్టూలు ముందుకు లాగేవాణ్ణి. చాలామందిది ఉత్త మగ్గం వాపే. ఇద్దరికి మూత్రపిండాల జబ్బు బయటపడింది. మూలమీది ఇంటి పెద్దాయనకు గుండెదే. ఆయన ఇప్పటికీ నేస్తున్నాడు.

పోయిన వానాకాలంలో ఒక పొద్దున షట్టరు ఎత్తితే మెట్టు ఖాళీగా ఉంది. నేను అగరొత్తి వెలిగించకుండా కాసేపు నిలబడి, తర్వాత వాళ్లింటికి పరుగెత్తాను. నిద్రలోనే పోయింది. ఒకే దిండు పెట్టుకుని పడుకుని ఉంది. బలహీనపడిన గుండె ఒక్కోసారి ఇలా లయ తప్పి ఆగిపోతుందని డాక్టరు తర్వాత చెప్పాడు. మగ్గం మీద సగం చీర ఉంది. చివరికి మగ్గమే మింగింది అని ఎవరో అంటే, నేను అందరి ముందూ అతని మీద అరిచాను. ఆమెకు ఆరేళ్లు ఇచ్చింది ఆ మగ్గమే. మింగబోయింది నేను.

ఆ మాట మాత్రం ఆ రోజు నా నోటి నుంచి రాలేదు. పదకొండో రోజు కార్యానికి పోయాను. కూతురు నా పక్కకొచ్చి కూర్చుంది. వాళ్లమ్మను ఇన్నేళ్లు చూసుకున్నానని దండం పెట్టింది. తర్వాత అంది:

"పెనుకొండ బస్టాండులో ఎవడో అంగడోడంట మామా, ఆ నొప్పి మాత్రలు ఇచ్చింది. వాణ్ణి చూపియ్‌మ్మా, అడగల్ల అని ఎన్నిసార్లు గొడవ పడినానో. వాడు ఎప్పుడో చచ్చిపోయినాడు లేమ్మా అని నోరు మూయించేది."

 డాక్టరుకు చెప్పింది అదే, అల్లుడికి చెప్పింది అదే. ఆరేళ్లుగా రోజూ పొద్దున్నే నా ఎదురుగా నిలబడి, నా తప్పును నాకు తప్ప ఎవరికీ చూపించలేదు. నా శిక్షను కూడా తన మగ్గంలాగే తనే నడుపుకుంది. ఊరుకుంటే ఆ పెనుకొండ మనిషి నా బదులు ఎప్పటికీ చచ్చిపడి ఉంటాడు. నా అంగడికి, నా పేరుకు ఏమీ కాదు.

"ఆ అంగడోడు పెనుకొండలో లేడమ్మా. సావనూ లేదు. ఆ మాత్రలు ఇచ్చింది నేనే" అన్నాను.

 ఆ అమ్మాయి కళ్లల్లో కోపం నిండింది, తర్వాత నీళ్లు నిండాయి.

"మాయమ్మ సచ్చేదాకా దాచిపెట్టె గద. ఇప్పుడు నువ్వెందుకు చెప్తాండావు?"

"ఆమె దాచింది నాకోసరం. నేను చెప్పేది వీధికోసరం" అన్నాను. ఆమె లేచి వెళ్లిపోయింది. ఇప్పటిదాకా నాతో మాట్లాడలేదు. ఆ కోపం న్యాయమైనదే.

ఆ సాయంత్రమే సొరుగులోంచి అట్ట తీసి గోడకు అంటించాను. ఎవరు అడిగినా ఉన్నదున్నట్టు చెబుతున్నాను. కొందరు వేరే అంగడికి పోతున్నారు, పోనీ.

నిన్న ఒక నేత మనిషి వచ్చాడు, నలభై ఏళ్లుంటాయి. నొప్పి మాత్రలు ఇమ్మన్నాడు, బండి ఇంజను ఆపకుండానే వచ్చానని తొందరపెట్టాడు. నేను స్టూలు ముందుకు లాగాను.

"ఏంల్యాన్నా, ఉత్త మగ్గం వాపే" అన్నాడు.

"ఆమె గూడా అదే చెప్పె. కాలు పెట్టు" అన్నాను.

అతను గోడ మీది అట్టను చూశాడు, నన్ను చూశాడు. బయటికి పోయి బండి ఆపి వచ్చి, స్టూలు మీద కాలు పెట్టాడు. నేను వంగాను.